మగపందికి కత్తి, టీకా, తక్కెడ

పందుల పెంపకంలోకి కొత్తగా దిగినవాళ్లు పశువైద్యుణ్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మగపిల్లలకు విత్తులు తీయించాలా, వద్దా? తీయిస్తే మాంసం పెరుగుతుందా, తగ్గుతుందా? సూటి ప్రశ్నే. జవాబు మాత్రం ఆ మాంసాన్ని ఎక్కడ తూస్తారన్నదాన్ని బట్టి మారుతుంది. దొడ్డి దగ్గర బతికున్న పందిని తూస్తే ఒక పద్ధతికి మరో పద్ధతికి పెద్ద తేడా కనిపించదు. కోసి, పేగులు తీసి, కొక్కేనికి వేలాడదీసిన కళేబరాన్ని తూస్తే ఒక పద్ధతి ముందుంటుంది. కొవ్వు చెక్కేసి కండను మాత్రమే తూస్తే ఆ వరస తలకిందులవుతుంది. ఏ దేశంలో ఏ తక్కెడ చెల్లుబాటవుతుందో అక్కడి మగపిల్లకు కత్తి తగులుతుందా, సూది తగులుతుందా, ఏదీ తగలకుండానే పెరుగుతుందా అన్నది చాలావరకు దాన్ని బట్టే తేలుతోంది. అందుకే ఈ లెక్కను నిదానంగా విప్పి చూడాలి.

విత్తులు అసలెందుకు తీస్తారు? మాంసం కోసమైతే తీయనక్కరలేదు. విత్తులున్న మగపంది తక్కువ తిని ఎక్కువ కండ పడుతుంది. తీసేది వాసన కోసం. ఈడొచ్చిన మగపంది మాంసాన్ని పెనం మీద వేస్తే లేచే వాసన కొందరికి ఉచ్చ వాసనలా, కొందరికి పేడ వాసనలా తగులుతుంది. దీనికి కారణమైన పదార్థాలు ముఖ్యంగా రెండు. మొదటిది ఆండ్రోస్టెనోన్. ఇది విత్తుల్లోనే తయారవుతుంది. మగపంది నోటి నురగలోంచి గాలిలోకి వెళ్లి, ఎదకొచ్చిన ఆడపందిని నిలబెట్టేది ఇదే. రెండోది స్కటోల్. పెద్దపేగులోని బ్యాక్టీరియా ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టినప్పుడు పుడుతుంది. ఆడపందిలోనూ పుడుతుంది గానీ దాని కాలేయం స్కటోల్‌ను ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తుంది. మగపందిలో విత్తుల హార్మోన్లు ఆ పని చేసే కాలేయం ఎంజైములను మందగింపజేస్తాయి. దాంతో స్కటోల్ ఒంట్లో మిగిలిపోతుంది.

రెండూ కొవ్వులో కరిగేవే. అందుకే ఎంత కడిగినా పోవు, వేడి తగలగానే పైకి లేస్తాయి. గ్రాము కొవ్వులో ఆండ్రోస్టెనోన్ సుమారు 0.5 నుంచి 1 మైక్రోగ్రాము, స్కటోల్ 0.2 నుంచి 0.25 మైక్రోగ్రాము దాటితే తినేవాళ్లు గుర్తుపడతారని పరిశోధకులు సాధారణంగా లెక్క వేస్తారు. అయితే అందరి ముక్కూ ఒకటి కాదు. ఆండ్రోస్టెనోన్‌ను పసిగట్టే గ్రాహకానికి చెందిన ఓఆర్7డీ4 అనే జన్యువులో తేడాలుంటాయని 2007లో తేలింది. కొందరికి ఆ వాసన బొత్తిగా తెలియదు. ఒకే కుండలోని కూర ఒకరికి కమ్మగా, పక్కనున్నవారికి ముద్ద మింగలేనట్టుగా ఉండటం సాధ్యమే. అమ్మేవాడికి ఇక్కడే చిక్కు. వాసన తెలిసిన ఒక్క కొనుగోలుదారు మళ్లీ ఆ కొట్టు గడప తొక్కకపోతే, ఆ పంది ఇచ్చిన కండ ఎన్ని కిలోలన్నది వ్యాపారానికి పనికిరాని లెక్క అవుతుంది.

వాసనతో పాటు మరో కారణం కూడా పాత రోజుల్లో బలంగా ఉండేది: కొవ్వు. జంతువుల గురించి రాసిన గ్రంథంలో అరిస్టాటిల్ ఆడపందులకు సైతం అండాశయాలు తీసేసే అలవాటును ప్రస్తావించాడు. అవి త్వరగా లావెక్కి కొవ్వు పట్టడం అందులో ఒక ఉద్దేశమని చెప్పాడు. యూరప్‌లో, అమెరికాలో శతాబ్దాల పాటు పంది అంటే వంటనూనె ఇచ్చే జంతువు. కరిగించి డబ్బాల్లో నింపిన పందికొవ్వుకు మాంసంతో సమానంగా గిరాకీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొక్కల నూనెలు చవకయ్యాయి. కొవ్వు తినడం గుండెకు మంచిది కాదన్న మాట వ్యాపించింది. కొనేవాళ్లు ఎర్రటి కండ అడగడం మొదలుపెట్టారు. పంది జాతులు మారాయి, మేత మారింది, కోత మారింది. కొవ్వు పట్టించడానికి పనికొచ్చిన కత్తి మాత్రం ఆ దొడ్లలో అలాగే ఉండిపోయింది. కండ కావాలనే రోజుల్లో కొవ్వు పెంచే పద్ధతిని కొనసాగించడంలోని ఈ వైరుధ్యం నుంచే నేటి చర్చంతా పుట్టింది.

విత్తులు మాంసానికి ఏం చేస్తాయో ఇప్పుడు చూద్దాం. మగపంది విత్తులు టెస్టోస్టిరాన్‌తో పాటు ఈస్ట్రోజెన్లను కూడా పెద్ద మోతాదులో విడుదల చేస్తాయి. మిగతా చాలా పశువులతో పోలిస్తే పంది ప్రత్యేకత ఇది. ఈ రెండు రకాల హార్మోన్లూ కలిసి తిన్న మాంసకృత్తుల్లో ఎక్కువ భాగాన్ని కండగా నిలబెడతాయి, ఆకలిని కాస్త అదుపులో ఉంచుతాయి. విత్తులు పోతే పంది ఎక్కువ తింటుంది, తిన్నదాంట్లో ఎక్కువ భాగాన్ని కొవ్వుగా దాచుకుంటుంది. ఒక కిలో కొవ్వు పెంచడానికి కావలసిన దాణా ఒక కిలో కండ పెంచడానికి కావలసినదాని కంటే చాలా ఎక్కువ. ఎందుకంటే కండలో దాదాపు మూడొంతులు నీరే. కత్తి పెట్టిన పందికి దాణా ఖర్చు ఎక్కువ కావడానికి అసలు కారణం ఈ నీటి తేడాయే.

కత్తి పద్ధతి గురించి చెప్పుకోవాల్సింది చాలామందికి తెలిసిందే. ఎద్దులకు వాడే బర్డిజో పట్టకారు పందికి పనికిరాదు. పంది వృషణాల తిత్తి కిందికి వేలాడకుండా తోక కింద ఒంటికి అంటుకుని ఉంటుంది, పట్టకారుకు దొరికే మెడ భాగం ఉండదు. రబ్బరు రింగు పరిస్థితీ అంతే. అందుకని చర్మాన్ని చీల్చి విత్తులను బయటికి తీసి, నాళాన్ని తెంపాల్సిందే. యూరప్‌లో ఈ పని పుట్టిన మొదటి వారంలో చేస్తారు. మన దగ్గర పాలు మరవక ముందు, మూడు నాలుగు వారాల వయసులో చేయడం వాడుక. పిల్ల ఎంత పెద్దదైతే గాయం అంత పెద్దది, మానడానికి పట్టే రోజులూ అంతే. వానాకాలంలో ఈగలు వాలి పుండులో పురుగులు పడటం, చీము పట్టడం, గజ్జల దగ్గర పేగు జారడం పెంపకందార్లకు కొత్త విషయాలు కావు. ఇలా పోయిన పిల్లలను, వారం పది రోజులు కుంగిన ఎదుగుదలను దిగుబడి లెక్కలో చాలామంది కలపరు. కలపాలి. చచ్చిపోయిన పిల్ల ఇచ్చే మాంసం సున్నా కిలోలు.

నొప్పి సంగతి కూడా ఇక్కడే స్పష్టంగా చెప్పాలి. వారం రోజుల పిల్లకు నొప్పి తెలియదన్న పాత నమ్మకం తప్పు. కోత సమయంలో అది పెట్టే అరుపు మామూలు అరుపు కంటే హెచ్చు స్థాయిలో ఉంటుందని, రక్తంలో కార్టిసాల్ పెరుగుతుందని, తర్వాత రోజుల్లో అది ఒదిగి పడుకుని వణుకుతుందని కొలిచి చూసిన పరిశోధనలు ఎన్నో ఉన్నాయి. యూరప్‌లో చట్టాలు మారడం వెనక ఈ కొలతలున్నాయి.

రెండో పద్ధతి టీకా. ఆస్ట్రేలియాలో తయారై, 1998లో అక్కడ, న్యూజిలాండ్‌లో అనుమతి పొందింది. ఇంప్రోవాక్ అన్న పేరుతో 2009లో యూరోపియన్ యూనియన్‌లో, ఇంప్రోవెస్ట్ అన్న పేరుతో 2011లో అమెరికాలో అనుమతులు వచ్చాయి. ఇది పనిచేసే తీరు తెలుసుకోదగ్గది. విత్తులను పనిచేయించే ఆజ్ఞ మెదడులోని హైపోథాలమస్ నుంచి ఒక చిన్న హార్మోన్ రూపంలో బయలుదేరుతుంది. దాన్ని గొనాడోట్రోపిన్ విడుదల హార్మోన్ అంటారు. ఆ హార్మోన్‌ను పోలిన ముక్కను పెద్ద ప్రొటీన్‌కు అంటించి టీకాగా ఎక్కిస్తారు. పంది రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా భావించి ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. ఆ ప్రతిరక్షకాలు పంది సొంత హార్మోన్‌ను కూడా దారిలోనే పట్టేస్తాయి. విత్తులకు ఆజ్ఞ అందదు, అవి చిక్కిపోతాయి, ఆండ్రోస్టెనోన్ తయారీ ఆగుతుంది. కాలేయం మీద ఒత్తిడి తగ్గడంతో స్కటోల్ కూడా బయటికి పోతుంది. పందికి ఎక్కించేది హార్మోన్ అని కొందరు భయపడతారు. అందులో హార్మోన్ పనిచేసే గుణం లేదు. నోటి ద్వారా తీసుకుంటే అది జీర్ణమైపోతుంది, తినేవాళ్లకు ముప్పు లేదు. ముప్పున్నది సూది వేసే మనిషికి. పొరపాటున తనకే గుచ్చుకుంటే, అందులోనూ రెండోసారి గుచ్చుకుంటే, అతని సంతాన శక్తి మీద ప్రభావం పడవచ్చు. అందుకే దానికి ప్రత్యేకమైన రక్షణ ఉన్న సిరంజి వాడాలన్న నియమం ఉంది.

టీకా రెండు మోతాదులు. మొదటిది ఎనిమిది వారాల వయసు దాటాక. అది పందిని సిద్ధం చేస్తుందే తప్ప విత్తులను ఆపదు. రెండోది కనీసం నాలుగు వారాల ఎడంతో, కోతకు నాలుగు నుంచి ఆరు వారాల ముందు. దిగుబడి రహస్యమంతా ఈ రెండో సూది వేసే తేదీలో ఉంది. ఆ రోజు వరకూ పంది పూర్తి మగపందిగానే పెరుగుతుంది. తక్కువ తింటుంది, కండ పడుతుంది, వీపు కొవ్వు పలచగా ఉంటుంది. రెండో సూది పడ్డ వారం పది రోజుల్లో దాని స్వభావం మారిపోతుంది. పోట్లాటలు, ఒకదానిపై ఒకటి ఎక్కడం తగ్గుతాయి, ఆకలి ఒక్కసారిగా పెరుగుతుంది. చివరి నాలుగైదు వారాలు అది విత్తులు తీసిన పంది తిన్నంతా, ఒక్కోసారి అంతకు మించీ తింటుంది. బరువు వేగంగా పెరుగుతుంది. కొవ్వూ చేరడం మొదలవుతుంది.

ఇప్పుడు తక్కెడల దగ్గరికి వద్దాం. టీకా వేసిన పందిని కోస్తే చాలామంది పెంపకందార్లు మొదట నిరాశపడతారు. బతికున్నప్పటి బరువులో కళేబరం వాటా, అంటే డ్రెస్సింగ్ శాతం, కత్తి పెట్టిన పంది కంటే ఒకటి రెండు శాతం తక్కువ వస్తుంది. ఎక్కడికి పోయింది ఆ బరువు? కొంత విత్తుల్లో, జననాంగాల్లో ఉంది. చిక్కిపోయినా అవి ఇంకా ఒంటి మీదే ఉన్నాయి, కోతలో తీసి పారేస్తారు. ఎక్కువ భాగం మాత్రం కడుపులో ఉంది. చివరి వారాల్లో తిండి ఒక్కసారిగా పెరగడంతో పేగులు పెద్దవవుతాయి, వాటిలో నిండి ఉండే మేత పెరుగుతుంది, కాలేయం, మూత్రపిండాలు బరువెక్కుతాయి. ఇవన్నీ బతికున్నప్పుడు తక్కెడ మీద ఉండి, కోత బల్ల మీద పక్కకు పోయేవే.

అదే కళేబరాన్ని ముక్కలు కొట్టే బల్ల మీదికి తెస్తే కథ మారుతుంది. భుజం, నడుము, తొడ భాగాల నుంచి కొవ్వు చెక్కేశాక మిగిలే కండ కళేబరంలో ఎంత శాతమో చూస్తే, టీకా వేసిన పంది కత్తి పెట్టినదాని కంటే ముందుంటుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో సహా అమెరికాలో జరిగిన కోత పరీక్షల్లో ఈ తేడా మళ్లీ మళ్లీ కనిపించింది. పొట్ట భాగం, అంటే బేకన్ తయారయ్యే భాగం మాత్రం టీకా పందిలో పలచగా ఉంటుంది. బేకన్ ముక్కలు కోసే కర్మాగారానికి పలచని పొట్ట ఇష్టం ఉండదు.

లెక్క కోసం ఒక ఉదాహరణ వేసుకుందాం. ఈ అంకెలు ఏ ఒక్క ప్రయోగం నుంచీ తీసుకున్నవి కావు. పరిశోధనల్లో సాధారణంగా కనిపించే తేడాలకు దగ్గరగా ఊహించినవి. మూడు మగపందులు, మూడూ 100 కిలోలే. కత్తి పెట్టినదాని కళేబరం 75 కిలోలు, టీకా వేసినదానిది 73.5, విత్తులున్నదానిది 74 అనుకుందాం. కళేబరంలో కండ వరసగా 54, 56.5, 58 శాతం అనుకుందాం. అప్పుడు చేతికొచ్చే కండ కత్తి పందిలో 40.5 కిలోలు, టీకా పందిలో 41.5, విత్తులున్న పందిలో 42.9. బతికున్న తూకానికి అమ్మితే ముగ్గురు పెంపకందార్లకూ ఒకే డబ్బు. కళేబరం తూకానికి అమ్మితే కత్తి పెట్టినవాడికి ఎక్కువ. కండ లెక్కన చెల్లించే చోట అమ్మితే కత్తి పెట్టినవాడికే అందరికంటే తక్కువ. పందులు మారలేదు, కొనేవాడు తక్కెడ జరిపాడు.

దాణా కూడా కలిపితే చిత్రం పూర్తవుతుంది. 30 కిలోల నుంచి 100 కిలోల వరకు ఒక్కో కిలో పెరుగుదలకు కత్తి పందికి 3 కిలోల దాణా, టీకా పందికి 2.8, విత్తులున్నదానికి 2.7 పట్టిందనుకుంటే మొత్తం దాణా 210, 196, 189 కిలోలు. కిలో దాణా 30 రూపాయలైతే టీకా పంది 420 రూపాయలు, విత్తులున్నది 630 రూపాయలు ఆదా చేసింది. కళేబరం కిలో 200 రూపాయలకు పోయే చోట టీకా పంది కోల్పోయిన 1.5 కిలోల విలువ 300 రూపాయలు. అంటే కళేబరం తూకానికి అమ్మినా టీకా పంది నష్టాన్ని దాణాలో పూడ్చుకోగలదు. పైన మిగిలిన 120 రూపాయల్లోంచి రెండు సూదుల ఖర్చు, పట్టుకునే కూలి తీయాలి. అప్పుడు మిగిలేది ఏమైనా ఉంటే అదే లాభం. ఈ మిగులు చాలా సన్నని గీత. దాణా ధర పెరిగితే అటు, మాంసం ధర పెరిగితే ఇటు జరుగుతుంది.

డ్రెస్సింగ్ శాతం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. కోతకు ముందు పందిని ఎన్ని గంటలు పస్తు ఉంచారన్నదే ఈ అంకెను ఒకటి రెండు శాతం అటూ ఇటూ జరపగలదు. తల, కాళ్లు, తోలు కలిపి తూశారా, తీసి తూశారా అన్నది ఇంకా ఎక్కువ జరుపుతుంది. రాత్రంతా పస్తున్న కత్తి పందిని, పొద్దున్నే కడుపు నిండా తిన్న టీకా పందిని పోల్చి, టీకా వల్ల నష్టం వచ్చిందని తేల్చేస్తే అది పద్ధతి తప్పు కాదు, తూకం తప్పు. ఒక్క పందిని చూసి చెప్పే మాటలు నమ్మవద్దని అనేది ఇందుకే.

రెండో సూదికి, కోతకు మధ్య ఎడం పెరిగేకొద్దీ టీకా పంది కత్తి పందిలా మారుతూ పోతుంది. నాలుగు వారాలకు కోస్తే కండ ఎక్కువ, పొట్ట పలచన. ఏడెనిమిది వారాలు ఆగితే డ్రెస్సింగ్ శాతం పుంజుకుంటుంది, పొట్ట మందమవుతుంది, కండ శాతంలో ఉన్న ఆధిక్యం తరిగిపోతుంది. మరీ తొందరపడితే కొవ్వులో ఇదివరకే దాగిన ఆండ్రోస్టెనోన్ కరిగిపోవడానికి వ్యవధి చాలదు. కొనేవాడికి ఏం కావాలో ముందే తెలిసిన పెంపకందారుకు ఇది చేతిలో ఉన్న మీట. కత్తికి అలాంటి సర్దుబాటు లేదు, పిల్ల దశలోనే అంతా నిర్ణయమైపోతుంది. నా దృష్టిలో టీకాకున్న అసలు బలం ఇదే. బలహీనత కూడా ఇక్కడే ఉంది. గుంపులో ఒక్క పందికి సూది తప్పిపోయినా దాని మాంసం వాసన వేయవచ్చు. అందుకే రెండో సూది తర్వాత రెండు వారాలకు దొడ్డిలో తిరిగి, ఇంకా మీదికెక్కుతున్న, విత్తులు పెద్దగా కనిపిస్తున్న వాటిని ఏరి మళ్లీ సూది వేయాలి.

మూడో దారి ఏమీ చేయకపోవడం. బ్రిటన్, ఐర్లాండ్ ఎక్కువగా ఇదే అనుసరిస్తాయి. స్పెయిన్, పోర్చుగల్‌లోనూ విత్తులున్న మగపందుల వాటా పెద్దది. కిటుకు వయసులో ఉంది: ఈడు పూర్తిగా రాకముందే, తక్కువ బరువులోనే కోస్తారు. మేత, శుభ్రత కూడా తోడ్పడతాయి. చికోరీ వేరు, పచ్చి బంగాళాదుంప పిండి లాంటివి చివరి రోజుల్లో పెడితే పేగులో స్కటోల్ తగ్గుతుంది. ఎండాకాలంలో పేడలో పొర్లాడే పందుల్లో స్కటోల్ పెరుగుతుందని కూడా తేలింది కాబట్టి నేల పొడిగా ఉంచడం మాంసం నాణ్యతకూ సంబంధించిన పనే. అయినా కొన్ని పందులు తప్పించుకుంటాయి. జర్మనీ, నెదర్లాండ్స్‌లోని కొన్ని కబేళాల్లో శిక్షణ పొందిన మనుషులు వరసలో నిలబడి ప్రతి మగ కళేబరం కొవ్వును కాస్త కాల్చి వాసన చూస్తారు. విత్తులున్న పందుల దొడ్డిలో పోట్లాటలు ఎక్కువ, చర్మం మీద గాట్లు ఎక్కువ, కొవ్వు మెత్తగా ఉంటుంది, కండలోపలి కొవ్వు జాలు తక్కువ. కండ దిగుబడిలో మొదటి స్థానం దీనిదే అయినా అన్ని వంటలకూ ఈ మాంసం సరిపోదు.

ఇటలీ పార్మా తొడ మాంసం చూడండి. తొడను ఉప్పు పట్టించి నెలల తరబడి ఆరబెట్టడానికి సుమారు 160 కిలోల బరువు, కనీసం తొమ్మిది నెలల వయసు ఉన్న పంది కావాలి. ఆ వయసుకు విత్తులున్న మగపంది వాసన వేయడం దాదాపు ఖాయం. పైగా పలచని మెత్తటి కొవ్వుతో తొడ అతిగా ఎండిపోతుంది. మందంగా, గట్టిగా ఉన్న కొవ్వు అక్కడ తేమను కాపాడే కవచం. స్పెయిన్‌లో ఓక్ గింజలు మేసే ఐబీరియన్ పందుల సంగతీ ఇంతే. ఇలాంటి చోట దిగుబడి అంటే ఎండిన తర్వాత మిగిలిన తొడ బరువు, అక్కడ విత్తులు తీసిన పందికే విలువ.

చట్టాల దారి క్లుప్తంగా. యూరోపియన్ యూనియన్ 2008 నాటి ఆదేశం ప్రకారం ఏడు రోజుల వయసు దాటాక చేసే కోతకు మత్తు, నొప్పి మందు ఇచ్చి పశువైద్యుడే చేయాలి. 2018 జనవరి 1 నాటికి కత్తి పద్ధతినే వదిలేస్తామని అక్కడి రైతు, మాంస పరిశ్రమ సంఘాలు 2010లో స్వచ్ఛందంగా ప్రకటించాయి, అది నెరవేరలేదు. స్విట్జర్లాండ్ 2010 నుంచి, జర్మనీ 2021 నుంచి మత్తు లేని కోతను నిషేధించాయి. బ్రెజిల్‌లో ఏ చట్టం ఒత్తిడీ లేకుండానే టీకా బాగా వ్యాపించింది. దాణాలో ఆదాతో, కండలో లాభంతో అక్కడి పెద్ద కంపెనీలకు లెక్క కుదిరింది. పెంపకం, కోత, అమ్మకం ఒకే చేతిలో ఉండటం వల్ల వాళ్లకు అన్ని తక్కెడలూ సొంతమే.

మన దగ్గర ఆ పరిస్థితి లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 90 లక్షల పందులుంటే అందులో 21 లక్షలు ఒక్క అస్సాంలోనే ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో సంఖ్య తక్కువ. తరతరాలుగా ఎరుకల కుటుంబాలు ఊరి పందులను పెంచాయి. ఇప్పుడు షెడ్లు వేసి సీమపందులను, సంకరజాతులను పెంచేవాళ్లు వచ్చారు. లార్జ్ వైట్ యార్క్‌షైర్‌ను దేశవాళీతో కలిపి తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం తయారు చేసిన టీ-17 రకం ఇక్కడి వాతావరణానికి తగినది. అమ్మకం మాత్రం ఎక్కువచోట్ల దొడ్డి దగ్గరే, బతికున్న బరువుకే. వ్యాపారి కాటా తెస్తాడు, కిలోకు ఇంత అంటాడు, లారీ ఎక్కిస్తాడు. ఎంత కండ వచ్చింది, ఎంత కొవ్వు వచ్చింది అన్నది పెంచినవాడికి ఎప్పటికీ తెలియదు. కండ పెంచినందుకు ఒక్క రూపాయి అదనంగా రాని చోట టీకా మీద ఖర్చు పెట్టమని చెప్పడం న్యాయం కాదు.

మేత మరో అడ్డు. విత్తులున్న మగపంది కండ ఆధిక్యం చూపాలంటే దాని మేతలో మాంసకృత్తులు, ముఖ్యంగా లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండాలి. హోటళ్ల మిగులు అన్నం, కూరగాయల తుక్కు మీద పెరిగే పందికి పిండిపదార్థం పుష్కలం, లైసిన్ కొరత. ఆ మేతలో విత్తులున్నా, సూది వేసినా కండ అంతగా పెరగదు. విదేశీ పట్టికల్లోని తేడాలు ఇక్కడ అచ్చంగా రావు. పైగా దేశవాళీ మగపంది చిన్న వయసులోనే ఈడుకొస్తుంది, నిదానంగా పెరుగుతుంది. బ్రిటన్‌లో లాగా ఈడు రాకముందే అమ్ముదామంటే అప్పటికి దాని బరువు చాలదు. కాబట్టి మన దొడ్లలో నేటికి కత్తే ఉంటుందని ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నాక ఆ కత్తిని మెరుగ్గా వాడటం గురించి మాట్లాడవచ్చు. మూడు నాలుగు వారాల దాకా ఆగకుండా మొదటి వారంలోనే చేయిస్తే గాయం చిన్నది, మానేది త్వరగా, పాలు తాగడం ఆగదు. మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు పశువైద్యుడి చేత ముందే వేయించవచ్చు. అంత చిన్న పిల్లకు పట్టే మోతాదు చాలా తక్కువ, ఖర్చూ తక్కువే. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధానికి చేసిన 1960 నాటి చట్టం నిర్ణీత పద్ధతిలో చేసే విత్తుల తొలగింపును నేరంగా చూడదు. కోత నేరం కాదన్నంత మాత్రాన ఆ పిల్లకు నొప్పి మందు ఎగ్గొట్టడం నాకు ఏ లెక్కలోనూ సమ్మతం కాదు. పైన చూసిన ఏ తక్కెడలోనూ నొప్పి వల్ల ఒక గ్రాము మాంసం పెరగలేదు.

రెండో పని మేత తొట్టి దగ్గర. విత్తులు తీసిన మగపందులను ఆడపందులతో కలిపి, ఇష్టమొచ్చినంత మేత పెడితే చివరి నెలన్నరలో తిన్నదంతా వీపు మీద కొవ్వై కూర్చుంటుంది. సుమారు 60 కిలోలు దాటాక వాటిని వేరు చేసి, మేతను కొద్దిగా కొలిచి పెడితే టీకా ఇచ్చే కండ లాభంలో కొంత భాగం సూది లేకుండానే దక్కుతుంది. కొవ్వు పొరలున్న మాంసాన్ని ఇష్టపడే ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లే సరుకైతే ఈ శ్రమ అక్కరలేదు, అక్కడ కొవ్వుకు ధర ఉంది. బెంగళూరు, హైదరాబాద్‌లలో కోత ముక్కలు, సాసేజీలు చేసేవాళ్లకు అమ్మేవాళ్లు మాత్రం దీన్ని వదులుకోకూడదు.

మూడోది ఒక చిన్న పుస్తకం. వీలున్నప్పుడు ఒకటి రెండు పందులను దగ్గరుండి కోయించి, బతికున్న బరువు, పస్తు ఉంచిన గంటలు, కళేబరం బరువు, చివరి పక్కటెముక దగ్గర వీపు కొవ్వు మందం రాసుకోవచ్చు. కొవ్వు కొలవడానికి బడి పిల్లల స్కేలు చాలు. ఏ పిల్లకు ఎన్నో రోజున కత్తి పెట్టారో, ఎన్ని కిలోల నుంచి మేత కొలిచి పెట్టారో పక్కనే రాయాలి. పది పదిహేను పందుల అంకెలు చేరాక, మాంసం దుకాణాలకు నేరుగా సరుకు వేసే కొనుగోలుదారును పిలిచి, ఈసారి బతికున్న బరువుకు కాకుండా కళేబరం బరువుకు, కొవ్వు ఇన్ని మిల్లీమీటర్ల లోపు ఉంటే కిలోకు ఇంత ఎక్కువ అని ధర మాట్లాడటానికి పెంపకందారు చేతిలో ఒక ఆధారం ఉంటుంది.